సోఫాకు గాలీ వెలుతురూ, చదువుకు మంచం అంచు



దసరా సెలవులు దగ్గర పడ్డాయి. బూజులు దులపడం, అటక మీది సామాను దించడం, వీలైతే ఒక గదికైనా రంగులు వేయించడం మన ఇళ్లలో ఈ రోజుల్లోనే జరుగుతుంది. న్యూస్‌పేపర్ మధ్యలో ఆఫర్ కాగితాలు వచ్చేదీ ఇప్పుడే. కిడ్స్ రూమ్ ప్యాకేజీ అట, బంక్ బెడ్‌తో కలిపి స్టడీ యూనిట్ అట, నెలకు ఇంత కడితే చాలట. గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి మాట్లాడటం అయ్యాక ముగ్గురు తల్లులు, ఒక తండ్రి నన్ను ఇదే ప్రశ్న అడిగారు: "మేడమ్, మా వాడికి మంచి స్టడీ టేబుల్ కొనమంటారా?"

నేను ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ చెప్తాను. బీఈడీలో ఫర్నిచర్ గురించి ఒక్క పాఠమూ లేదు. అయినా ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇప్పుడే కొనకండి. ముందు మీ ఇంట్లో మంచి చోటు ఎవరికిచ్చారో ఒకసారి చూడండి.

జూలైలో మా ఏడో తరగతి పిల్లల చేత ఒక పేరాగ్రాఫ్ రాయించాను. నేను హోమ్‌వర్క్ చేసుకునే చోటు అనేది టాపిక్. గ్రామర్ దిద్దుదామని పెన్ను పట్టుకుని కూర్చున్నాను గానీ, చదువుతూ ఉంటే గ్రామర్ సంగతే మర్చిపోయాను. చాలామంది రాసింది మంచం మీద అని. కొందరు టీవీ ముందు నేల మీద. కొందరు డైనింగ్ టేబుల్ దగ్గర, అదీ గిన్నెలు పెట్టేదాకానే. ఒక అబ్బాయి అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుంటాడట. అక్కడ లైటు బాగుంటుంది, పైగా ఎవరూ పిలవరు అని రాశాడు. ఒక అమ్మాయి, 'చుట్టాలు వచ్చేదాకా సోఫాలో, వచ్చాక వంటింట్లో' అని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. వీళ్లలో ఎవరూ పేదపిల్లలు కారు. మన స్కూలు ఫీజు కట్టే ఇళ్ల పిల్లలే.

అందుకే ఇది డబ్బు సమస్య అని నేను అనుకోవడం లేదు. 900, 1000 చదరపు అడుగుల టూ బెడ్‌రూమ్ ఫ్లాటులోకి వెళ్లి నిలబడి చూడండి. పెద్ద కిటికీ ఉండేది హాల్లో. బాల్కనీ తలుపు హాల్లో. మంచి ఫ్యాను, ఎక్కువ ప్లగ్ పాయింట్లు అన్నీ హాల్లో. ఆ హాల్లో సగం సోఫా సెట్టు, ఎదురుగా గోడంతా టీవీ యూనిట్, మధ్యలో అద్దం టీపాయ్. ఆ టీపాయ్ మీద పిల్లలు చెయ్యి వేస్తే మరకలు పడతాయని కోప్పడతాం. చుట్టాలు నెలకు రెండు మూడుసార్లు వస్తారు, గంటో రెండు గంటలో కూర్చుంటారు. పిల్లలు రోజూ రెండు మూడు గంటలు చదవాలి. అయినా ఇంట్లో మంచి చోటు చుట్టాలకే రాసిచ్చేశాం. పిల్లలకు మిగిలేది బెడ్‌రూమ్‌లో బీరువాకూ మంచానికీ మధ్య ఉన్న ఇరుకు, వీపు వెనక వెలిగే ట్యూబ్‌లైటు.

మన పాత ఇళ్లు పెద్దవేం కావు. రెండు గదులు, ఒక వసారా, బయట అరుగు. అందులోనే పది మంది. కానీ నేల మీద సామాను తక్కువ ఉండేది. గోడలోనే గూళ్లు, గోడకు చిలక్కొయ్యలు, పైన అటక, అడ్డంగా దండెం. పగలు పరుపు చుట్టి పెట్టేవాళ్లు, మడత మంచం గోడకు చేరేది. రాత్రి పడుకున్న చోటే పొద్దున భోజనాల వరస. చదువుకునే పిల్లలకు అరుగు ఉండేది, దాని మీద పుష్కలంగా వెలుతురు. ఇవన్నీ తిరిగి రావాలని కాదు. ఇప్పుడు ఇంటీరియర్ వాళ్లు 'వాల్ మౌంటెడ్', 'ఫోల్డబుల్' అని రేటు చెప్పి అమ్మేవి మన అమ్మమ్మలకు తెలిసిన పనులే అని గుర్తు చేస్తున్నానంతే.

హాంకాంగ్‌లో గ్యారీ చాంగ్ అనే ఆర్కిటెక్ట్ ఉన్నారు. ఆయన ఫ్లాటు 344 చదరపు అడుగులు. మన దగ్గర చాలా హాళ్లూ వంటిళ్లూ కలిపితేనే అంత ఉంటాయి. చిన్నప్పుడు ఆ ఇంట్లోనే తల్లిదండ్రులు, ముగ్గురు చెల్లెళ్లతో పాటు అద్దెకున్న మనిషి కూడా ఉండేవారట. 2007లో ఆయన ఆ ఇంట్లో అరలున్న గోడల్ని పై పట్టాల మీద జరిగేలా చేసి, ఒకే గదిని 24 రకాలుగా మార్చుకునేలా తయారుచేశారు. అందుకైన ఖర్చు మనం అందుకోగలిగింది కాదు. నాకు నచ్చింది ఆ గోడల వెనకున్న ఆలోచన. ఏ గంటకు ఆ చోటు ఎవరికి అవసరమో అప్పుడు అది వాళ్లది. దీనికి పట్టాలు అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది దాకా హాలు పిల్లలది అని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే చాలు.

విజయవాడలో మా అక్కావాళ్లది వన్ బెడ్‌రూమ్ పోర్షన్. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి. కింద బల్ల, పైన మంచం ఉండే యూనిట్ చేయిద్దామని మా బావగారు కొటేషన్ తెప్పించారు. 68,000 రూపాయలు. పన్నెండు నెలల ఈఎంఐ. అది ఎక్కడ పెడతారు బావగారూ అని అడిగితే, ముందు డబ్బు సంగతి తేలనీ, చోటు దానంతట అదే దొరుకుతుంది అన్నారు. వేసవి సెలవుల్లో నేను అక్కడ పది రోజులున్నాను. అమ్మాయి వంటింటి గట్టు మీద నోట్‌బుక్ పెట్టి నిలబడి లెక్కలు చేస్తోంది. పప్పు తాలింపు పెట్టేటప్పుడు పక్కకు జరుగుతోంది.

హాల్లో సోఫా సెట్టు ఉంది. పెద్దది ఒకటి, సింగిల్ కుర్చీలు రెండు. మా అమ్మానాన్నలు పెళ్లిలో పెట్టినదే. ఆ సింగిల్స్ రెండూ అమ్మేద్దాం అన్నాను. ఇల్లంతా గొడవైంది. "పుట్టింటివాళ్లు పెట్టిన సెట్టు విడదీస్తారా? వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అని అక్కావాళ్ల అత్తగారు. ఆవిడ బాధలో న్యాయం ఉంది. మన ఇళ్లలో సోఫా అంటే కూర్చునే వస్తువు ఒక్కటే కాదు, ఆ ఇంటి పరువు కూడా. రెండు రోజులు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు పొద్దున ఆవిడే కాఫీ తాగుతూ, "ఆ పిల్ల నిలబడి రాస్తుంటే చూడలేకపోతున్నాను, తీసేయండి" అన్నారు.

సింగిల్స్ రెండూ కలిపి 2,500కు పోయాయి. కూల్చిన ఇళ్ల కలప అమ్మే షాపులో పాత టేకు తలుపు రెక్క ఒకటి 1,500కు దొరికింది. ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చున్నా మోచేతులు తగలవు. కార్పెంటర్ దాన్ని తన షాపులోనే చిత్రిక పట్టి, పైన సన్‌మైకా ముక్క అతికించి ఇచ్చాడు. అన్నీ కలిపి 1,300. వెల్డింగ్ షాపులో రెండు ఇనుప స్టాండ్లు 1,800. ట్యూబ్‌లైటు 250. మొత్తం 4,850. సోఫా డబ్బు తీసేస్తే చేతి నుంచి పడింది 2,350. బల్లను కిటికీ పక్కన వేశారు. చుట్టాలు వస్తే పిల్లల కుర్చీలు రెండూ ఇటు తిప్పుతారు. అక్కావాళ్ల అత్తగారు ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ బల్ల మీదే చిక్కుడుకాయలు ఒలుస్తున్నారని అక్క చెప్పింది.

దీనివల్ల ఆ పిల్లలకు మార్కులు పెరిగాయని మాత్రం నేను చెప్పను. బల్ల వేస్తే మార్కులొస్తాయని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఆ అమ్మాయి కూర్చుని రాస్తోంది. నా వరకు అది చాలు.

ఇక కొలతలు. ఈ విషయం మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే కొనేటప్పుడు షాపులో ఎవరూ అడగని ప్రశ్న ఇదే. పెద్దవాళ్ల డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు ఉంటుంది, కుర్చీ 18. మూడో నాలుగో తరగతి పిల్లలు సుమారు 130 సెంటీమీటర్లు ఉంటారు. అంత ఎత్తు పిల్లలకు కుర్చీ 14 అంగుళాలు, బల్ల 23 అంగుళాల పైచిలుకు ఉంటే సరిపోతుంది. అంటే మన డైనింగ్ టేబుల్ దగ్గర వాళ్ల కాళ్లు గాల్లో వేలాడతాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. అలా పావుగంట కూర్చుంటే ఎవరికైనా లేవాలనిపిస్తుంది. దాన్ని మనం ఏకాగ్రత లేదంటాం. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు మడత పడిన చోట తొంభై డిగ్రీలు ఉండాలి, మోచెయ్యి బల్ల ఎత్తుకు రావాలి. చూడాల్సింది ఇంతే.

దీనికి కొత్త బల్ల కొననక్కర్లేదు. కుర్చీలో గట్టిగా మడిచిన బొంత వేసి రెండున్నర అంగుళాలు పైకి లేపండి. పాదాల కింద ఆరున్నర అంగుళాల ఎత్తున ఏదైనా పెట్టండి. భోజనాల పీటలు రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే దాదాపు అంతే వస్తుంది. పీటలు జారకుండా తాడుతో కట్టండి. మా అక్క కొడుక్కి బల్ల ఎత్తు 26 అంగుళాలే పెట్టించాం కాబట్టి ఒక్క పీటతో సరిపోయింది, అక్కకూ తమ్ముడికీ ఒకే బల్ల కుదిరింది. పిల్లలు ఏటా పెరుగుతారు. అందుకే కార్టూన్ బొమ్మలున్న చిన్న స్టడీ టేబుల్ రెండేళ్లకే చెప్పుల స్టాండు అయిపోతుంది. చాలా ఇళ్లలో చూశాను.

నేను చదువుకున్నది మా అమ్మ కుట్టుమిషన్ మీద. మిషన్‌ను లోపలికి మడిచి పైన చెక్క వేసేస్తే మంచి బల్ల. కింద పెడల్ మీద కాళ్లు పెట్టి ఊపుతూ చదివేదాన్ని. అది ఫుట్‌రెస్ట్ అని అప్పట్లో తెలియదు. మీ ఇంట్లో అటువంటి మిషన్ మూల పడి ఉంటే పాత ఇనుముకు వేయకండి.

లైటు విషయం చిన్నదే. కుడిచేత్తో రాసే పిల్లలకు వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, ఎడమచేతివాటం పిల్లలకు కుడి నుంచి. లేకపోతే రాసే అక్షరం మీద చేతి నీడే పడుతుంది. బల్లను తిప్పడానికి పైసా ఖర్చవదు. సాయంత్రాలకు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి దగ్గరగా ఉంటే చాలు. ఆ మూల గోడకు లేత రంగు వేయిస్తే ఇంకా మంచిది.

కొత్తగా చేయించాల్సే వస్తే ప్లైవుడ్ అడగండి. షీటు మీద ఐఎస్ 303 అని ఉంటే మామూలు కమర్షియల్ ప్లై, ఐఎస్ 710 అయితే నీటికి తట్టుకునే మెరైన్ ప్లై. చదువు బల్లకు 303 చాలు, సింకు కింద అరలకు 710 కావాలి. రెడీమేడ్ యూనిట్లు చాలావరకు పార్టికల్ బోర్డువి. చూడటానికి నున్నగా ఉంటాయి, నీళ్ల సీసా ఒలికితే ఉబ్బుతాయి. ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ పట్టు తగ్గుతుంది. అద్దె ఇళ్లు మారే వాళ్లకు ఇది మరీ ఇబ్బంది. 8×4 అడుగుల ప్లై షీటు ఒకటి తీసుకుంటే 4×2 బల్లలు నాలుగు వస్తాయి. ఫ్లోర్‌లో నాలుగు ఇళ్లవాళ్లు కలిసి కొనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ ఉండనే ఉన్నాయి. పొద్దున్నే వెళ్లాలి, బేరం ఆడటం రావాలి. 2018లో ఐకియా వచ్చాక చిన్న ఇంట్లో సామాను ఎలా సర్దాలో అక్కడి మోడల్ గదుల్లో చూడొచ్చు. చూడటానికి టికెట్టు లేదు. కొలతలు రాసుకుని వచ్చి మీ కార్పెంటర్‌కు ఇవ్వండి.

రెండు జాగ్రత్తలు. ఎత్తుగా ఉన్న పుస్తకాల ర్యాకునూ బట్టల అల్మరానూ గోడకు బిగించాలి. పిల్లలు పై అర అందుకోవాలని కింది అర మీద ఎక్కుతారు. మొత్తం మీద పడుతుంది. ఇంటి ఓనర్ మేకు కొట్టనివ్వరంటే ఎత్తు ర్యాకు మానేసి నడుము ఎత్తు ర్యాకు తీసుకోండి. అడ్వాన్సులో కోత ఎంతైనా పిల్లల కన్నా ఎక్కువ కాదని ఓనర్‌తో ఒకసారి మాట్లాడి చూడటంలో తప్పులేదు. రెండోది పాత రంగు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. పాత తలుపులు, కిటికీలు, బల్లలు గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. ఆ పని ఇంట్లో పెట్టుకోకండి, పండగ సరదాగా పిల్లల చేత అసలు చేయించకండి.

ఇంకో మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ ఉన్న ఇంట్లో ఒక్క టేబుల్ ఉంటే అది ఎవరిదో నేను వాళ్ల నోట్‌బుక్కులు చూసి చెప్పగలను. అమ్మాయిల రాత మధ్యలో ఆగుతుంది. ఇంకు మారుతుంది. సగం జవాబు తర్వాత వాక్యం తెగిపోయి కొత్తగా మొదలవుతుంది. అడిగితే, "అమ్మ పిలిచింది మేడమ్", "మంచినీళ్లు ఇమ్మన్నారు మేడమ్" అంటారు. బల్ల వేసినంత మాత్రాన ఇది పోదు. బల్ల దగ్గర కూర్చున్నంతసేపు ఆ అమ్మాయిని లేపకూడదని ఇంట్లో అందరికీ తెలియాలి. నీళ్లు తమ్ముడూ ఇవ్వగలడు.

టీవీ సంగతి ఎత్తితే తల్లిదండ్రులకు కోపం వస్తుందని నాకు తెలుసు. రోజంతా షాపులోనో ఆఫీసులోనో నిలబడి, ట్రాఫిక్‌లో గంట పడి ఇంటికొచ్చినవాళ్లు ఒక సీరియలో క్రికెట్టో చూసుకోవద్దని నేను ఎలా అంటాను? చిన్న పిల్లల్ని వేరే గదిలో పెట్టి తలుపు వేయమని కూడా అనను. ఐదో తరగతి లోపు పిల్లలు పెద్దవాళ్లు కనబడుతుంటేనే కుదురుగా కూర్చుంటారని నా అనుభవం. టీవీ ఆ వేళకు బెడ్‌రూమ్‌కు పోవాలి, లేదా చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తెరను పిల్లల వీపు వైపుకు తిప్పాలి. ఆ గంటలో మీరు ఉల్లిపాయలు తరుగుతూ అక్కడే ఉన్నా ఫర్వాలేదు.

మా వైపు నుంచీ చేయాల్సింది ఉంది. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్తోంది. రోజూ అన్ని నోట్‌బుక్కులూ ఇంటికి మోయిస్తే ఆ ఇరుకింట్లో అవి ఎక్కడ పెట్టుకుంటారు? ఇంగ్లిష్ వరకు వర్క్‌బుక్ క్లాసు ర్యాకులోనే ఉంచుతున్నాను. మన క్లాసుల్లో బెంచీలూ అన్నీ ఒకే ఎత్తు. ఆరో తరగతిలో ముందు వరసలో కూర్చునే పిల్లల కాళ్లు సగం రోజు వేలాడుతూనే ఉంటాయి. కింద ఒక చెక్క పట్టీ వేయిస్తే బాగుంటుందని స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. చూద్దాం అన్నారు. మీరూ పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే ఇంకొంచెం త్వరగా చూస్తారేమో.

ఈ వారం నా రెండు సెక్షన్ల పిల్లల చేతా టేపు పెట్టి కొలిపించాను. బూట్లు విప్పి, కుర్చీలో కూర్చుని, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా. ఒకరికొకరు కొలుచుకున్నారు, క్లాసంతా నవ్వులే నవ్వులు. ఆ అంకెను ప్రతి ఒక్కరూ డైరీలో సోమవారం పేజీ కింద ఎర్ర పెన్నుతో రాసుకున్నారు. మీ పిల్లలు కూర్చోవాల్సిన కుర్చీ ఎత్తు అదే. సంతకం పెట్టేటప్పుడు చూడండి.